ఒకే ఇంట్లో రెండు పొగలు

మా అమ్మకు విశాఖపట్నంలో ఎడమ కంటి శుక్లం తీయించి, నేరుగా అరకులో మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ ఊరు పెదబయలు అవతల, కొండ మీద. జీపు దిగాక గంటసేపు రాళ్ళదారిలో ఎక్కాలి. ఆపరేషన్ అయిన కన్నుతో ఆ దారి వద్దని, రెండు నెలలు మా దగ్గరే ఉండమని పట్టుబట్టాను. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నేనూ మా ఆయనా, వెనక గదిలో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. అమ్మకు మంచం ఆ వెనక గదిలోనే వేశాం.

నేను ఏఎన్ఎంని. ఊళ్ళలో నర్సమ్మ అంటారు. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఈ కొండల్లో టీకాలు వేస్తూ, కాన్పులు చూస్తూ, జ్వరాలకు రక్తపరీక్షలు చేస్తూ తిరుగుతున్నాను. వాటితో పాటు నా పనుల్లో ఇంకొకటి ఉంది, పెద్దవయసు ఆడవాళ్ళ నోళ్ళు చూడడం. మా వైపు చాలామంది అడ్డపొగ తాగుతారు. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని పెదాలు మూస్తారు. బయటికి చుట్ట తోక మాత్రమే కనిపిస్తుంది. గాలికి ఆరదు, వానకు తడవదు, రెండు చేతులా నాట్లు వేసుకుంటూనే తాగొచ్చు. ఆ వేడికి అంగిలి కాలి కాలి తెల్లబడుతుంది. కొందరికి అక్కడే పుండు లేచి క్యాన్సరుకు తిరుగుతుంది. టార్చిలైటు పట్టుకుని "నోరు తెరవమ్మా" అని ఎంతమందిని బతిమాలానో చెప్పలేను. ఎంత బతిమాలినా తెరుచుకోని నోరు మా అమ్మది.

"నా నోట్లో ఏటి సూత్తావే? నిన్ను సంకనెట్టుకుని తాగినాను. నీకు ఉజ్జోగం వొచ్చిన్నాడూ తాగినాను. ఇప్పుడొచ్చి నాకు సదువు సెప్తావేటి?" అనేది.

నేను అంతటితో ఊరుకునేదాన్ని. మా అమ్మ చేత మాన్పించలేక, ఊరూరా మానమని చెప్తున్నానన్న సిగ్గు మాత్రం మనసులో ఉండేది.

మా అమ్మాయి బక్కపలచగా, పొడుగ్గా ఉంటుంది. ఆరో తరగతి నుంచి ఖోఖో ఆడుతోంది. పరుగులో దాన్ని పట్టుకోవడం బడిలో ఎవరి తరమూ కాదని వాళ్ళ ఆటల మాస్టారు మెచ్చుకునేవారు. ఆ ఏడు దసరా సెలవులు అయ్యాక దానికి దగ్గు మొదలైంది. కార్తీకం వచ్చేసరికి అరకులో దగ్గు వినపడని ఇల్లుండదు. పొద్దున్న తొమ్మిదింటి దాకా మంచు విడవదు. అందుకే నేను పెద్దగా పట్టించుకోలేదు. మిరియాలూ బెల్లమూ కాచి ఇచ్చాను. దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది.

తర్వాత నీళ్ళు తెగ తాగడం మొదలుపెట్టింది. పక్కలో సీసా పెట్టుకుని పడుకునేది. షుగరేమోనని హడలిపోయి, నేను పనిచేసే హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళి వేలు గుచ్చి చూశాను. మామూలుగానే ఉంది. రెండుసార్లు ముక్కులోంచి రక్తం కారింది. చలిగాలికి లోపల ఎండిపోయి ఉంటుందనుకున్నాను. పుస్తకం ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చునేది కాదు. ఏమన్నా అంటే కసురుకునేది. పదో తరగతి కదా, భయం ఉండదా అని మా ఆయనకు నేనే సర్దిచెప్పాను. దాని గదిలో ఒక్కోసారి మామిడిపండు వాసన వచ్చేది. మంచు కురిసే రోజుల్లో మామిడిపండు ఎక్కడిదని నేను ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సింది. పెదాలకు రాసుకునేదేదో కొనుక్కుంది కాబోలు అనుకుని వదిలేశాను.

డిసెంబరులో ఖోఖో పోటీలు జరిగాయి. సర్వీసు జీపు నడిపే మా ఆయన ఆ రోజు బండి తీయలేదు, ఇద్దరం వెళ్ళాం. ఎప్పుడూ చివరిదాకా దొరకని పిల్ల, రెండు నిమిషాలు గడవకముందే దొరికిపోయింది. గీత బయటికి వచ్చి మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగిపోయింది. ఊపిరి పీల్చలేక భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. ఆటల మాస్టారు నా దగ్గరికొచ్చి, "అమ్మా, పాపకి రక్తం తక్కువేమో, ఒకసారి చూడండి" అన్నారు. అదీ చూశాను. కాస్త తక్కువే, కానీ అంత ఆయాసం రావలసినంత కాదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను.

ఇప్పుడు తల్చుకుంటే నాకు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. నాకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగలేదు.

పోటీలైన మరుసటి ఆదివారం మధ్యాహ్నం. అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పెరట్లో ఎండకు కూర్చుంది. నేను పక్కన చేట పట్టుకుని చోళ్ళు, అవే రాగులు, చెరుగుతున్నాను.

"ఒలే, నీకో మాట సెప్తాను, కేకలెయ్యకు" అంది అమ్మ.

"ఏటి?"

"నీ గుంట పొగ తాగుతున్నాది."

చేట నా చేతిలోనే ఆగిపోయింది. "ఏం మాటలే అవి? సరిగ్గా కళ్ళు కనపడవు, నువ్వేం చూశావు?"

"కళ్ళెందుకే దీనికి?" అంది అమ్మ నెమ్మదిగా. "పొద్దున్న లెగ్గానే ముకం కడక్కముందే తలగడ కింద సెయ్యెట్టుద్ది. నా సెయ్యి కూడా అలాగే ఎల్తాది. అన్నం తినీగానే కుళాయి ఎనక్కెల్తాది. ఎల్లీటప్పుడు కస్సుమంటాది, వొచ్చీటప్పుడు పువ్వులాగుంటాది. యాబయ్యేళ్ళు తాగినాను, నాకు తెల్దేటి? పొగ వాసన రాదు. మాంపండు వాసనొత్తాది. అదేటో నాకు తెల్దు గానీ, పొగే."

నాకు కోపం వచ్చింది. అమ్మ మీద వచ్చిందో, నా మీద నాకు వచ్చిందో తెలియదు. లేచి లోపలికి వెళ్ళి అమ్మాయి బ్యాగు మంచం మీద బోర్లించాను. పుస్తకాలు, జామెట్రీ బాక్సు, పెన్నుల సంచి. సంచిలో అక్షరాల మీద రంగు పూసుకునే లావుపాటి పెన్నులు నాలుగున్నాయి. పసుపు, ఆకుపచ్చ, గులాబీ, నారింజ. మూడింటికి మూత వచ్చింది. నాలుగోదానికి రాలేదు. దాని కొసకు సన్నని బెజ్జం ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు.

టూరిస్టుల చేతుల్లో ఇలాంటివి చూశాను. వేప్ అంటారని తెలుసు. అవి పెద్ద ఊళ్ళవాళ్ళ సంగతనీ, మన దేశంలో వాటిని అమ్మకూడదని చట్టం ఉందనీ తెలుసు. అందుకే అది మన ఇంటి దాకా రాదనుకున్నాను. పొగాకు గురించి నేను ఊళ్ళలో చూపించే బొమ్మల చార్టులో బీడీ ఉంది, సిగరెట్టు ఉంది, ఖైనీ ఉంది, అడ్డపొగ ఉంది. ఇది లేదు.

పెరట్లోకి తెచ్చి చూపించాను. "ఇలాగియ్యి" అంది అమ్మ. కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తుందనుకుని ఇచ్చాను. చటుక్కున నోట్లో పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చింది. కొసన చిన్న దీపం వెలిగింది.

"అమ్మా! కంటికి ఆపరేషన్ అయింది, దగ్గితే ఏమవుతుందో తెలుసా!" అని లాక్కున్నాను.

అమ్మ ముక్కులోంచి తెల్లటి ఆవిరి వదిలింది. రెండుసార్లు దగ్గింది. తర్వాత గోడకు చేరబడి కూర్చుంది. "పొగ లేదు గానీ పొగాకు సత్తువున్నాది" అంది చివరికి. "అన్నం తిన్నాను కదా, ఇందాకట్నించీ నా పేణం అడ్డపొగ అడుగుతున్నాది. ఇప్పుడు అడగట్నేదు. సల్లారిపోయింది."

ఆ సాయంత్రం జరిగింది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అమ్మాయి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆ వస్తువు చూపించి, అది నోరు తెరిచేలోపు చెంప మీద కొట్టాను. అది పుట్టాక దాన్ని నేను కొట్టడం అదే మొదలు. అది ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నన్ను అలా చూసింది.

"అది పొగ కాదమ్మా, ఆవిరి. నికోటిన్ లేదు. డబ్బా మీద రాసుంది" అంది.

"అబద్ధాలు కూడా నేర్చావా?"

"ఊళ్ళో అందరితో మెల్లగా మాట్లాడతావు. తాగి పడిపోయినోళ్ళతో కూడా మెల్లగా మాట్లాడతావు. నాతో మాత్రం ఇలాగ" అని వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మా ఆయన జీపు పెట్టి వచ్చాక విషయం చెప్పాను. కేకలు వేస్తాడనుకున్నాను. ఆ వస్తువును అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా జీపులోనే టూరిస్టులు తాగుతుంటారు ఇది. పొగాకు వాసన లేదు కదా, ఆవిరే కదా అని నేనే ఏమీ అన్లేదు. చిన్నగుంటలు పక్క సీట్లో కూకునుంటే కూడా అన్లేదు" అన్నాడు. ఆ పూట ఇద్దరమూ అన్నం సరిగా తినలేదు.

మర్నాడు పీహెచ్‌సీలో, అంటే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా కూతురి వయసుకు పదేళ్ళు పెద్దదేమో, అంతే. ఓపిగ్గా విన్నది. అమ్మ పీల్చి చెప్పిన సంగతి విని మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"మీ అమ్మగారు చెప్పిందే నిజం అయ్యుంటుంది సిస్టర్. నికోటిన్ లేదని రాసి ఉన్నవాటిలో కూడా ఉంటుంది. దొంగచాటుగా అమ్మే సరుకు, లోపల ఏం పోశారో ఎవరికి తెలుసు?" అంది.

"ఆవిరే అంటోంది డాక్టర్."

"నీటి ఆవిరి కాదు. ఒక ద్రవాన్ని లోపల తీగ వేడి చేస్తుంది. నికోటిన్, ఆ మామిడి వాసన కోసం కలిపిన రసాయనాలు, తీగలోంచి ఊడిన లోహపు రేణువులు, అన్నీ కలిసి సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తినే పదార్థంలో కలిపితే హాని చేయని రసాయనం, ఊపిరితో పీల్చినా హాని చేయదని ఎవరూ చెప్పలేరు. దగ్గు, ఆయాసం, నోరు ఎండిపోవడం, ముక్కులోంచి రక్తం... మీరు చెప్పినవన్నీ దీనివల్ల రావచ్చు. చాలా ఏళ్ళు వాడితే ఏమవుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. తేలలేదంటే ప్రమాదం లేదని కాదు."

నేను తల వంచుకుని వింటున్నాను. ఆమె చెప్పిన తర్వాతి మాట నాకు బాగా తగిలింది.

"ఈ వయసులో మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది సిస్టర్. పెద్దవాళ్ళ కంటే పిల్లలకు నికోటిన్ తొందరగా పట్టుకుంటుంది. ఏకాగ్రత పోతుంది, చిరాకు పెరుగుతుంది. మీరు దాన్ని పొగరనుకుంటారు. అది పొగరు కాదు, ఆ మందు అడగడం. మానేసిన మొదటి వారం ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు మీరు తిడితే, మళ్ళీ దాని దగ్గరికే పోతుంది."

నికోటిన్ చూయింగ్‌గమ్ ఇవ్వనా అని అడిగాను. పిల్లలకు మనంతట మనం ఇవ్వకూడదు, ముందు నేనొకసారి పాపను చూస్తాను అంది. ఆ వస్తువును చిన్నపిల్లలకు అందే చోట పెట్టొద్దనీ, లోపలి ద్రవం కొంచెం మింగినా విషమేననీ, దాని బ్యాటరీ పేలి కాలిన సందర్భాలు కూడా ఉంటాయనీ చెప్పింది.

అమ్మాయితో మాట్లాడడానికి నేను వారం ఆగాను. ఎదురుగా కూర్చోబెడితే మళ్ళీ గొంతు లేస్తుందని నాకు భయం. మా ఆయన వాళ్ళకు కొండవాలు మీద కాస్త కాఫీ తోట ఉంది. ఆదివారం ఇద్దరం పళ్ళు కోయడానికి వెళ్ళాం. నడుముకు బుట్టలు కట్టుకుని, ఒకే చెట్టుకు చెరో వైపు నిలబడ్డాం. కొమ్మల సందులోంచి దాని వేళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నిన్ను కొట్టడం నా తప్పు" అన్నాను.

అది ఒక కొమ్మను తన వైపు వంచుకుంది.

"నువ్వు అడిగుంటే చెప్పేదాన్నమ్మా" అంది.

అప్పుడు చెప్పింది. దసరా ముందు బడి బాత్రూములో ఒక స్నేహితురాలు ఇచ్చిందట. మొత్తం ఐదుగురు. మొదట ఒక్కటే అందరూ పీల్చుకునేవాళ్ళు. తర్వాత ఎవరిది వాళ్ళు కొనుక్కున్నారు. ఊళ్ళో ఫోను కవర్లు అమ్మే కొట్టులో, అడిగితే లోపలి నుంచి తీసి ఇస్తాడట. తన పాకెట్ డబ్బులన్నీ దానికే పోయాయట. "పరీక్షల భయం తగ్గుద్దని అన్నారు. నిజంగానే తగ్గినట్టుండేది. తర్వాత అది లేకపోతేనే భయమేసేది. నువ్వు లాక్కున్నాక కూడా వాళ్ళదే అడిగి పీలుస్తున్నాను" అంది.

"మానేద్దామని అనిపించలేదా?"

"రెండుసార్లు మానేశానమ్మా. రెండో రోజుకే తల పగిలిపోయేది. పోటీల రోజు కూడా తాగలేదు. అయినా పరిగెత్తలేకపోయాను. గుండెల్లో ఏదో అడ్డం పెట్టినట్టుంది."

నా చేతిలో పళ్ళు నలిగిపోయాయి. పదిహేనేళ్ళ పిల్ల ఎవరికీ చెప్పుకోకుండా, నా పక్క గదిలో పడుకుని, రెండుసార్లు మానాలని చూసి ఓడిపోయింది. నేను దానికి ఐరన్ మాత్రలు ఇస్తున్నాను.

"ఇప్పుడు కలిసి చూద్దాం. నీ ఒక్కదాని వల్లా కాదు" అన్నాను. మధ్యాహ్నం దిగి వస్తూ నా బుట్ట కూడా తనే తీసుకుంది.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ కుతూహలంగా విన్నది. "ఎప్పట్నించి మానీడం?" అని అడిగింది.

"రేపట్నించి" అంది అమ్మాయి.

"అయితే నానూ మానీస్తాను. ఇద్దరం ఒక్కసారే. సూద్దాం ఎవులు గెలుత్తారో."

ఇరవై ఏళ్ళు నేను చెప్పి చెప్పి అలిసిపోయిన మాట అది. మనవరాలి కోసం అమ్మ ఎంత తేలిగ్గా అనేసిందో! నాకు ఒక క్షణం అసూయ లాంటిది కూడా కలిగింది.

మొదటి రోజు ఇద్దరూ ఉత్సాహంగా గడిపారు. రెండో రోజు ఇద్దరికీ తలనొప్పి. మూడో రోజు ఇల్లు ఇల్లులా లేదు. అమ్మాయి అంబలిలో ఉప్పు తక్కువైందని గ్లాసు విసిరికొట్టింది. అమ్మ తన చుట్టలెవరో దొంగిలించారని నన్ను అనరాని మాటలంది. చుట్టలు పారేసింది తనే. నేను డాక్టరమ్మ మాటలు గుర్తుచేసుకుంటూ పళ్ళు బిగబట్టుకుని నేల తుడిచాను. అమ్మాయికి నిద్ర పట్టేది కాదు. ఒళ్ళంతా చిరచిరలాడుతోందనేది. మొదటి రోజే దాన్ని చూసిన డాక్టరమ్మ చెప్పినట్టు, పీల్చాలనిపించిన ప్రతిసారీ ఏదో ఒక పని చేసేవాళ్ళం. ఎండబెట్టిన ఉసిరి ముక్క నోట్లో వేసుకోవడం, నీళ్ళు తాగడం, రోడ్డు దాకా నడిచి రావడం. ఆ కోరిక కాసేపు గట్టిగా వచ్చి, పట్టించుకోకపోతే తనే పోతుందని ఆమె చెప్పింది. మా ఆయన రోజూ సాయంత్రం జీపు త్వరగా కట్టేసి దాన్ని నడకకు తీసుకెళ్ళేవాడు. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు చెప్పేవాళ్ళు కాదు.

వారం గడిచాక అమ్మాయి మొహం తేటపడింది. అన్నం బాగా తినడం మొదలుపెట్టింది.

పదకొండో రోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మాయి పెరటి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. అమ్మ కుళాయి వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. నోట్లో అడ్డపొగ. పక్కింటి ముసలమ్మ దగ్గర అడిగి తెచ్చుకుందట.

"ఓడిపోయావు అమ్మమ్మా! మనిద్దరం అనుకున్నాం కదా!" అంటోంది పిల్ల.

అమ్మ చుట్ట తీసి నేలకు రాసి ఆర్పింది. నల్లకళ్ళద్దాల కింద నుంచి చెంపల మీదికి నీళ్ళు కారాయి. "ఇలాగ్రా అమ్మీ" అని పిలిచింది. పిల్ల కదల్లేదు. "నీది మూడు నెల్ల అలవాటు. నాది యాబయ్యేళ్ళది. నా ఎముకల్లోకెల్లిపోనాది. నువ్వు తప్పించుకోగలవు. నన్ను సూసి నువ్వు ఆగిపోకు. మీ అమ్మ సెప్పినప్పుడు నాను ఇనుంటే ఈ పొద్దు ఇలాగ దొంగలాగ కూకుందునా?"

అమ్మ నోటి నుంచి అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని వెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చుంది. "అయితే నోరు చూపించు" అంది.

"ఏటీ?"

"నోరు తెరువు. అమ్మకి చూపించవు కదా, నాకు చూపించు."

ఫోను లైటు వేసింది. అమ్మ ఒక్క నిమిషం తటపటాయించి, నోరు తెరిచింది. అమ్మాయి తొంగిచూసి నా వైపు తిరిగి ఫోను నా చేతికిచ్చింది. నేను వెళ్ళి చూశాను. అంగిలంతా తెల్లగా పగుళ్ళు బారి ఉంది. మధ్యలో ఎర్రటి చుక్కలు. ఒక పక్కన శనగగింజంత గరుకు మచ్చ. ఇలాంటివి ఎన్నో చూశాను. చూసిన వెంటనే మొహంలో ఏమీ కనపడనివ్వకూడదని నాకు నేర్పారు. ఆ రోజు నా మొహం నా మాట వినలేదు.

డాక్టరమ్మ చూసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడ ఆ మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. క్యాన్సర్ కాదని వచ్చింది. కానీ ఇలాగే తాగితే అటే తిరగవచ్చనీ, ప్రతి మూడు నెలలకూ వచ్చి చూపించుకోవాలనీ చెప్పారు. అమ్మ పూర్తిగా మానలేదు. రోజుకు పది చుట్టలు ఒకటీ రెండుకు తగ్గాయి. ఒకటి కూడా మంచిది కాదని నేను ఇప్పటికీ అంటూనే ఉన్నాను. "ఆ ఒక్కటీ కూడా మానీస్తాన్లే" అంటుంది. ఇదివరకు ఆ మాట కూడా అనేది కాదు.

అమ్మాయి ప్రయాణం కూడా తిన్నగా సాగలేదు. ఫిబ్రవరిలో ఒక స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్ళి వచ్చి, చేతులు కడుక్కోకుండానే వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, రెండుసార్లు పీల్చాను" అంది. గరిటె నా చేతిలోనే ఉంది. "ఇప్పుడెలా ఉంది?" అని మాత్రం అడిగాను. "కడుపులో తిప్పుతోంది. రేపు మళ్ళీ కావాలనిపిస్తుందేమోనని భయంగా ఉంది" అంది. మర్నాడు బడికి తోడు వెళ్ళాను, సాయంత్రం మళ్ళీ తీసుకొచ్చాను. మూడు రోజులు అలా చేశాం. తర్వాత తనే వద్దంది.

మిగతా నలుగురు పిల్లల సంగతి నన్ను తొలిచేది. వాళ్ళ తల్లిదండ్రులకు తెలియాలి. కానీ పేర్లు చెప్పనని కాఫీ తోటలో మా అమ్మాయికి మాటిచ్చాను. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నర్సమ్మగా నేను బడికి వచ్చి పిల్లలందరికీ చెప్తాను, ఎవరి పేరూ ఎత్తను. అది తన స్నేహితురాళ్ళతో విడిగా మాట్లాడుతుంది. హెడ్మాస్టారు ఒప్పుకున్నారు. తల్లిదండ్రుల సమావేశంలో కూడా మాట్లాడమన్నారు. అక్కడ నేను చార్టు పట్టుకెళ్ళలేదు. మా ఇంట్లో జరిగిందే చెప్పాను, చెంపదెబ్బతో సహా. బ్యాగులు వెతకడం కంటే ముందు పిల్లల్ని అడగమని చెప్పాను. పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా, పెదాలకు రాసుకునేదానిలా ఎలా అయినా ఉండొచ్చని, పొగ వాసన కోసం చూస్తే దొరకదని చెప్పాను. తర్వాత రెండు వారాల్లో ఇద్దరు ఆడపిల్లలు తమంతట తామే సెంటర్‌కి వచ్చారు. మిగతా ఇద్దరి సంగతి నాకు తెలియదు.

ఫోను కవర్ల కొట్టు సంగతి పోలీసులకు చెప్పాం. అతను ఆ సరుకు తీసేశాడు. కొన్నాళ్ళకు ఇంకో చోట అమ్ముతున్నారని మా ఆయన జీపులో విన్నాడు. మళ్ళీ చెప్పాం.

అమ్మాయి పదో తరగతి పాసైంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. దగ్గు పూర్తిగా పోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. పరుగులో మునుపటి ఊపిరి ఇంకా రాలేదంటుంది. కాలేజీ జట్టులో ఉంది, కానీ ఇప్పుడు తప్పించుకునే వైపు కన్నా తరిమే వైపు బాగా ఆడుతుంది.

మొన్న వర్షాలప్పుడు, సంతబజారులో కిరాణా కొట్టు నడిపే ఆవిడ మా ఇంటికొచ్చింది. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. చీర కొంగులో ఏదో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి పిలిచి టీ ఇచ్చాను. కొంగు విప్పి నీలంరంగు వేప్ ఒకటి బల్ల మీద పెట్టింది. తొమ్మిదో తరగతి చదువుతున్న చిన్నకూతురి దగ్గర దొరికిందట.

"వాళ్ళ నాన్నకి తెలిత్తే సంపేత్తారు నర్సమ్మా. నానేటి సెయ్యాలో తోసట్నేదు. పేణం కొట్టుకుంటున్నాది" అంది.

"ఈ పూటకేమీ అనకండి. రేపు మీరూ పాపా కలిసి ఏదో ఒక పని చేసుకుంటూ అడగండి. అడిగాక మాత్రం మధ్యలో మాట్లాడకండి, చెప్పనివ్వండి. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను" అన్నాను.

ఆవిడ తల ఊపింది కానీ ధైర్యం చిక్కినట్టు లేదు. లోపల గదిలో చదువుకుంటున్న మా అమ్మాయి ఈ మాటలన్నీ వింది. పుస్తకం పక్కన పెట్టి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. నేను చెప్పమనలేదు, వద్దనీ అనలేదు.

"ఆంటీ, నేనూ తాగేదాన్ని. మూడో రోజు చాలా కష్టంగా ఉంటుంది. ఆ రోజు మీ పాప ఏం విసిరికొట్టినా తిట్టకండి. నాకు ఫోన్ చెయ్యమనండి" అంది.

ఆవిడ మా అమ్మాయి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. బయట వాన ఇంకా తగ్గలేదు. మా ఆయన జీపు తీసి, ఆవిడను కొట్టు దాకా దింపి వచ్చాడు.